వెలిసిపోయిన కారు పెయింట్‌ని ఇంట్లోనే పాలిష్ చేసుకోవడం

కొన్నేళ్లు ఎండలో నిలిపిన కారుని ఒకసారి చుట్టూ తిరిగి చూడండి. డోర్లు ఫర్వాలేదనిపిస్తాయి. టాప్, బానెట్, డిక్కీ మూత మాత్రం కళ తప్పి, సుద్ద రుద్దినట్టు పాలిపోయి ఉంటాయి, ఎందుకంటే ఎండ తిన్నగా పడేది వాటి మీదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి పెయింట్‌లో రంగుని పట్టి ఉంచే రెసిన్‌ని మెల్లగా పాడుచేస్తాయి, పైపొర గరుకుగా తయారవుతుంది, దాని మీద పడ్డ వెలుతురు తిన్నగా తిరిగి రాకుండా అన్ని వైపులకీ చెదిరిపోతుంది, దాంతో కారు మసకగా కనిపిస్తుంది. పాలిష్ పెట్టడమంటే ఆ పాడైన పొరని అరగదీసి కింద ఉన్న మంచి పొరని బయటికి తేవడమే. కొత్తగా వచ్చి చేరేది ఏమీ లేదు, ఉన్నదాంట్లోంచే కొంత పోతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఎందుకో మీకే అర్థమవుతుంది.

ఎంత ఉందనేది కూడా తెలియాలి కదా. ఇప్పటి కార్లలో ఫ్యాక్టరీ పెయింట్ మొత్తం మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో పైన ఉండే రంగులేని క్లియర్ కోట్ సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే, అంటే మనిషి వెంట్రుక కంటే పల్చన. ఎండ నుంచి రంగుని కాపాడేది అదే. దాన్ని మరీ పల్చబరిస్తే ఈరోజు అద్దంలా మెరిసిన బానెట్ కొన్నాళ్లకి పొట్టు లేవడం మొదలవుతుంది, అప్పుడిక చేసేదేమీ ఉండదు.

అందుకని మెషిన్, కాంపౌండ్ (మామూలు పాలిష్ కంటే ఎక్కువగా అరగదీసే పేస్టు) కొనే ముందు మీ కారుది ఏ రకం పెయింటో తేల్చుకోండి. పాత కార్లకి ఎక్కువగా సింగిల్ స్టేజ్ పెయింట్ ఉంటుంది, అంటే రంగూ మెరుపూ రెండూ ఒకే పొరలో. కొత్తవాటిలో దాదాపు అన్నిటికీ రంగు పొర మీద క్లియర్ కోట్ ఉంటుంది. తెల్ల గుడ్డ మీద కాస్త పాలిష్ వేసి, పెద్దగా కనిపించని చోట గట్టిగా రుద్దండి. గుడ్డకి కారు రంగు అంటితే సింగిల్ స్టేజ్. ఎర్ర కారైతే నాలుగు రుద్దులకే గుడ్డ గులాబీ రంగుకి తిరుగుతుంది, అది చూసి కంగారు పడకండి, పోతున్నది చచ్చిపోయిన పెయింటే. రంగు అంటకపోతే పైన క్లియర్ కోట్ ఉన్నట్టు. తెల్ల కారుతో ఈ పరీక్ష కాస్త చిక్కే, పాలిష్ కూడా తెల్లగానే ఉంటుంది కాబట్టి. దానికి ముదురు రంగు గుడ్డని తడిపి ఉత్తగా రుద్ది, తెల్ల పొడి అంటుతోందేమో చూడండి.

ఇంకో పరీక్ష నీళ్లతో. మసకబారిన చోట నీళ్లు చల్లితే ఆ తడి ఉన్నంతసేపూ రంగు నిండుగా, మెరుస్తూ కనిపిస్తే పాలిష్‌తో కూడా ఇంచుమించు అలాగే వస్తుందని ఆశపడొచ్చు. తడిపినా తెల్ల మచ్చలు మచ్చల్లాగే ఉంటే, లేదా గోరుతో తడిమినప్పుడు ఆ మచ్చ అంచు చేతికి తగిలితే, అక్కడ క్లియర్ కోట్ లేచిపోయింది. దానికి పాలిష్ పనికిరాదు. ఏ కాంపౌండూ, ఏ మెషినూ లేని పొరని తెచ్చి పెట్టలేవు, పైగా మెషిన్ పెడితే ఆ అంచు ఇంకాస్త లేస్తుంది. ఆ ప్యానెల్‌కి మళ్లీ పెయింట్ వేయించడమే దారి. మ్యాట్ ఫినిష్ పెయింట్ ఉన్నా, పైన వినైల్ ర్యాప్ అతికించి ఉన్నా మాత్రం అసలు పాలిష్ జోలికే వెళ్లొద్దు.

ఇక కడగడం. అందరూ తొందరపడేది ఇక్కడే. పెయింట్ మీద ఒక్క ఇసుక రేణువు మిగిలినా అది మెషిన్ ప్యాడ్ కింద పడి గుండ్రటి గీతలు గీస్తూ పోతుంది. కార్ షాంపూ, రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి నురగకి, ఇంకోటి మురికైన గుడ్డని జాడించడానికి. పైనుంచి కిందికి కడిగి, మైక్రోఫైబర్ టవల్‌తో ఆరబెట్టండి. తర్వాత పల్చటి ప్లాస్టిక్ కవర్‌లో చెయ్యి పెట్టి బానెట్ మీద నిమిరి చూడండి. ఉత్త చేతికి నున్నగా తగిలిన చోటే కవర్‌లోంచి రవ్వ రవ్వగా తెలుస్తుంది. అది కడిగితే పోని మురికి, ఇనుప రజను, చెట్ల జిగురు లాంటివి. దానికి క్లే బార్ కావాలి, అంటే అలాంటి మురికిని అంటించుకుని లాగేసే మెత్తటి బంకమట్టి లాంటి ముద్ద. క్లే లూబ్రికెంట్ గానీ, నీళ్లలో కలిపిన కార్ షాంపూ గానీ ధారాళంగా చల్లి, ఎక్కువ నొక్కకుండా అటూ ఇటూ జరుపుతూ పోతే గరగరమనే చప్పుడు తగ్గి, కాసేపటికి క్లే సబ్బులా జారుతుంది. ముద్దని మడిచి శుభ్రమైన వైపు తిప్పుకుంటూ వాడండి. అది గానీ నేల మీద పడిందా, ఇక మొహమాటం లేకుండా పారేయండి.

తర్వాత మాస్కింగ్ టేప్. నల్ల ప్లాస్టిక్ పట్టీలు, కిటికీ రబ్బర్లు, లోగోలు, అక్షరాలు, వీటి మీద పాలిష్ పడి ఆరితే తెల్లటి మరక ఒక పట్టాన పోదు. ప్యానెళ్ల అంచులకీ, బాడీ మీద పదునుగా మడతపడిన గీతలకీ కూడా టేప్ వేయండి, పెయింట్ అక్కడే అన్నిటికంటే పల్చగా ఉంటుంది.

మెషిన్ విషయానికొస్తే, మొదటిసారి చేసేవాళ్లు డ్యూయల్ యాక్షన్ పాలిషరే తీసుకోండి, డీఏ అంటారు. ప్యాడ్ తిరుగుతూనే పక్కలకి ఊగుతుంది కాబట్టి ఒకే చోట వేడి పుట్టడం తక్కువ. పెయింట్ పనివాళ్ల చేతిలో కనిపించే రోటరీ మెషిన్ పని వేగంగా చేస్తుంది, నిజమే, కానీ చేతికి అలవాటు లేనివాళ్లు అంచు మీద ఒక్క క్షణం ఎక్కువ నిలిపినా పెయింట్ కాలి కిందున్న ప్రైమర్ బయటపడుతుంది. డ్రిల్‌కి తగిలించే ప్యాడ్లు కూడా నాకు నచ్చవు, వేగం అదుపులో ఉండదు, పట్టుకోవడానికి సరైన పిడీ ఉండదు. ప్యాడ్లు మాత్రం ఒకటీ రెండూ కొని సరిపెట్టుకోకండి. పెయింట్ పొడితో ప్యాడ్ మూసుకుపోయాక అది కోయడం, అంటే అరగదీయడం, మానేసి పూయడం మొదలుపెడుతుంది. గట్టి ఫోమ్ లేదా మైక్రోఫైబర్ కటింగ్ ప్యాడ్లు మూడో నాలుగో, మెత్తటి ఫినిషింగ్ ప్యాడ్లు రెండైనా ఉండాలి. వాటితోపాటు ఒక కటింగ్ కాంపౌండ్, ఒక ఫినిషింగ్ పాలిష్, బోలెడు మైక్రోఫైబర్ గుడ్డలు. పని చేస్తున్నంతసేపూ కళ్లద్దాలు, ముక్కుకి మాస్కు.

టూత్‌పేస్ట్‌తో రుద్దితే మెరుస్తుందనే చిట్కా చాలామంది చెబుతుంటారు. అందులో కూడా అరగదీసే పొడి ఉంటుంది కాబట్టి కొంచెం మెరిసిన మాట వాస్తవమే, కానీ ఆ పొడి తయారైంది పళ్ల కోసం, దానితో బానెట్ మొత్తం రుద్దడం చేతులు నొప్పి పెట్టించుకోవడమే. నూనె పూసి తుడిచినా మెరుస్తుంది, మళ్లీ కడిగే వరకు, ఈలోపు దుమ్మంతా దానికే పడుతుంది.

కారుని నీడలోకి తెచ్చి, రేకు చల్లబడ్డాక మొదలుపెట్టండి. ముందు కారు మొత్తం కాదు, బానెట్ మీద రెండడుగుల చదరం ఒకటి టేప్‌తో గీసుకోండి. అందులో తక్కువ కోసే జోడీతో, అంటే మెత్తటి ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్‌తో ప్రయత్నించండి. చాలకపోతే ప్యాడ్ మార్చండి, అప్పటికీ చాలకపోతే కాంపౌండ్‌కి వెళ్లండి. ఏ జోడీ దగ్గర మీకు కావలసిన మెరుపు వచ్చిందో దానితోనే మిగతా కారంతా చేయండి. ఈ చిన్న చదరం మీద గంట పోయినా టెన్షన్ పడొద్దు, మిగతా పనంతా దీని మీదే ఆధారపడి ఉంది.

అసలు పని ఇలా సాగుతుంది. ప్యాడ్ మీద బఠాణీ గింజంత చుక్కలు నాలుగైదు వేయండి, కొత్త ప్యాడైతే మొదటిసారి కాస్త ఎక్కువే పడుతుంది. మెషిన్ ఆన్ చేయకముందే ప్యాడ్‌ని పెయింట్‌కి ఆనించాలి, గాలిలో ఉండగా స్విచ్ నొక్కితే కాంపౌండ్ గోడల మీదా మీ మొహం మీదా ఉంటుంది. 1 లేదా 2 వేగంలో ఆ చదరమంతా పరిచి, తర్వాత 4 లేదా 5కి పెంచి, సెకనుకి రెండు మూడు సెంటీమీటర్లకి మించకుండా నెమ్మదిగా జరపండి. ఒక వరస మీద సగం పడేలా రెండో వరస, ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా, మళ్లీ అడ్డంగా, మళ్లీ నిలువుగా. చెయ్యి వేగంగా ఆడితే పని అవుతున్నట్టే ఉంటుంది కానీ ఏమీ కోయదు. ఎంత నొక్కాలి అనేది చాలామందికి సందేహం. దానికో ఉపాయముంది: ప్యాడ్ వెనకున్న ప్లేటు అంచు మీద మార్కర్‌తో ఒక గీత పెట్టండి. ఆ గీత తిరుగుతూ కనిపించినంతవరకు మీ ఒత్తిడి సరిపోయినట్టే. గీత ఒకచోట నిలబడి వణుకుతోందంటే ఎక్కువ నొక్కుతున్నారు, లేదా మెషిన్ వాలిపోయింది, ప్యాడ్‌ని సమంగా ఆనించండి.

కాంపౌండ్ మొదట తెల్లగా పరుచుకుంటుంది, పని సాగేకొద్దీ పల్చబడి, చివరికి కింద రంగు కనిపించేంత సన్నటి నూనె పొరలా మిగులుతుంది. అక్కడ ఆపి తుడిచేయండి. పూర్తిగా ఎండిపోయి పొడి రాలేదాకా తిప్పుతూ కూర్చుంటే వేడీ, కొత్త గీతలూ తప్ప లాభం లేదు. మధ్యమధ్యలో అరచేతి వెనకభాగం ప్యానెల్‌కి ఆనించి చూస్తుండండి, గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చురుక్కుమంటే చల్లారనివ్వండి. ప్లాస్టిక్ బంపర్ల దగ్గర ఈ జాగ్రత్త రెట్టింపు ఉండాలి, రేకులాగా ప్లాస్టిక్ వేడిని పక్కలకి పంచదు. ఒక్కో చదరం అయ్యాక ప్యాడ్‌ని మెత్తటి బ్రష్‌తో దులపండి.

తుడవగానే కనిపించే మెరుపుని వెంటనే నమ్మకండి. పాలిష్‌లో ఉండే నూనెలు సన్నటి గీతల్ని కొన్నాళ్లు కప్పి ఉంచుతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని నీళ్లలో 10 నుంచి 20 శాతం ఉండేలా కలిపి స్ప్రే చేసి తుడిచి, అప్పుడు ఫోన్ టార్చ్‌ని ఏటవాలుగా పట్టి చూడండి. గీతలు ఇంకా ఉంటే ఇంకోసారి చేయాలా అనేది మీ ఇష్టం, నా మటుకు నేను లోతైన గీతల్ని వదిలేయమంటాను. గోరుకి తగిలే గీత పోవాలంటే దాని చుట్టూ ఉన్న క్లియర్ కోట్ అంతా ఆ లోతుకి దిగాలి, రోజూ వాడుకునే కారుకి అంత అవసరమా? అలాగే ఎమెరీ కాగితంతో నీళ్లు పోసి రుద్దే పద్ధతి జోలికి కూడా పెయింట్ మందం కొలిచే మీటర్ లేకుండా వెళ్లకండి. ఆ మీటర్ కూడా మొత్తం మందమే చూపిస్తుంది, అందులో క్లియర్ కోట్ ఎంతో మామూలు మీటర్లు విడిగా చెప్పవు.

కాంపౌండ్ అయ్యాక ముదురు రంగు కార్ల మీద పల్చటి మసక మిగులుతుంది. మెత్తటి ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్‌తో తక్కువ ఒత్తిడి మీద ఇంకో చుట్టు వేస్తే అది పోయి రంగు లోతుగా కనిపిస్తుంది. లేత రంగు కార్లకి కొన్నిసార్లు దీని అవసరమే రాదు.

సింగిల్ స్టేజ్ పెయింట్ సంగతి కొంచెం వేరు. ఎండిపోయి దాహంతో ఉంటుంది, మొదటి చదరానికే ప్యాడ్ నిండా రంగు పట్టేస్తుంది, ప్యాడ్లు ఎక్కువ కావాలి. నూనె పాలు ఎక్కువున్న గ్లేజ్‌ని (పెయింట్‌కి మెరుపునిచ్చే క్రీము) ముందు చేత్తో మందంగా పట్టించి ఒక రాత్రంతా వదిలేసి, మర్నాడు తుడిచి పాలిష్ మొదలుపెడితే తక్కువ కోతతోనే రంగు తిరిగొస్తుంది. మొదటే కాంపౌండ్ పెట్టేయడం కంటే ఇది నయం.

మెషిన్ లేకుండా చేత్తో కూడా చేయొచ్చు, ఒక బానెట్టో, ఒక ఫెండరో అయితే. ఫోమ్ అప్లికేటర్ మీద కాంపౌండ్ వేసుకుని, అడుగు చదరం చొప్పున, గుండ్రంగా కాకుండా తిన్నగా అటూ ఇటూ గట్టిగా రుద్దాలి. తిన్నటి గీతలు వెలుతురులో తక్కువ కనిపిస్తాయి. కారు మొత్తం చేత్తో చేస్తానంటే మాత్రం మూడో ప్యానెల్ దగ్గరే భుజాలు పడిపోతాయి.

పాలిష్ అయిపోయిన పెయింట్‌ని అలాగే వదిలేయకూడదు, పైన రక్షణ ఏమీ లేదు. కార్నౌబా వ్యాక్స్ మంచి నిగారింపు ఇస్తుంది కానీ కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల వరకే ఉంటుంది, సింథటిక్ సీలెంట్ అంతకంటే ఎక్కువ నెలలు నిలుస్తుంది, సిరామిక్ కోటింగ్ ఏళ్లపాటు ఆగుతుంది గానీ వేసే ముందు పెయింట్ మీద నూనె చుక్క కూడా ఉండకూడదు, వేయడంలో తేడా వస్తే గట్టిపడిన మరకల్ని మళ్లీ పాలిష్‌తోనే తీయాలి. మొదటిసారికి సీలెంట్ సుఖం. ఏదైనా సరే పల్చగా రాయండి, మందంగా రాస్తే ఎక్కువ రోజులు ఉండదు, తుడవడం కష్టమవుతుంది, అంతే. నీళ్లు చుక్కలు చుక్కలుగా జారడం మానేసి పలకలా పరుచుకుంటున్నాయంటే మళ్లీ ఒక కోటు వేసే సమయమైనట్టు. పిట్ట రెట్ట పడితే ఎండిపోకముందే తడిపి తీసేయండి.

ప్యాడ్లని మెషిన్‌కి తగిలించి వదిలేయకుండా అదే రోజు గోరువెచ్చటి నీళ్లలో సబ్బుతో పిండి నీడలో ఆరబెట్టండి. మైక్రోఫైబర్ గుడ్డల్ని మిగతా బట్టల్లో కలపకుండా ఉతకాలి, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయొద్దు. కాంపౌండ్ తుడిచిన గుడ్డల్ని, వ్యాక్స్ తుడిచే గుడ్డల్ని వేరు వేరుగా ఉంచుకోండి.