కనాపే: పేరు ఎక్కడిది, మన వంటింట్లో చేసేదెట్లా

రిసెప్షన్ మెనూల్లో స్టార్టర్ల వరుసలో కనిపించే కనాపే ఫ్రెంచి మాట. ఫ్రెంచిలో దానికి మామూలు అర్థం సోఫా. మూలం గ్రీకులో ఉంది: 'కోనోప్స్' అంటే దోమ, దోమతెర కట్టిన మంచం 'కోనోపియాన్'. అది లాటిన్ మీదుగా ఫ్రెంచికి వచ్చేసరికి తెర పోయి సోఫా మిగిలింది. 18వ శతాబ్దంలో, కాల్చిన రొట్టె ముక్క మీద కూరో చేపో సోఫాలో మనిషిలా కూర్చున్నట్టు ఉందని వంటకానికీ అదే పేరు పెట్టారు.

ఓర్ దవ్ర్ అనేది వేరే. అసలు భోజనానికి బయట వడ్డించే చిరుతిండి ఏదైనా అదే. ఆ లెక్కన మిరపకాయ బజ్జీ ఓర్ దవ్రే గానీ కనాపే కాదు, కింద రొట్టె లేదు కదా. కనాపేకి అడుగున రొట్టె, దాని మీద పూత, పైన అసలు ముక్క, ఆపైన అలంకారం ఉండాలి. ఒకటి రెండు కొరుకుల్లో అయిపోవాలి.

భోజనానికి ముందైతే మనిషికి నాలుగు చాలు. 25 మందికి 100 ముక్కల లెక్క ఇది.

400 గ్రాముల శాండ్‌విచ్ బ్రెడ్ ప్యాకెట్లు రెండు తీసుకోండి. ముందురోజుది మేలు, తాజాది కోస్తే నలుగుతుంది. అంచులు తీసి ఒక్కో స్లైసును 4 సెంటీమీటర్ల చదరాలుగా నాలుగు చేయండి. ఓవెన్లో 150 డిగ్రీల దగ్గర 12–15 నిమిషాలు, లేదా పెనం మీద సన్న సెగన రెండు వైపులా తేమ పోయేదాకా కాల్చండి. మంట పెంచితే పైన మాడి లోపల మెత్తగా ఉంటుంది. వేడి మీదే డబ్బాలో మూతపెట్టారంటే ఆవిరి పట్టి అంతా మెత్తబడిపోతుంది. పూర్తిగా చల్లారాకే మూత.

పూతకు మన ఊరుబిండి బాగుంటుంది. వేయించిన చెనక్కాయ విత్తనాలు 250 గ్రాములు, టమాటాలు 250, ఉల్లిగడ్డ ఒకటి, పచ్చిమిరపకాయలు ఎనిమిది, చింతపండు కాస్త, ఉప్పు. టమాటాలో నీళ్లన్నీ ఇగిరేదాకా మగ్గించి, చుక్క నీళ్లు పోయకుండా నూరాలి. గరిటె తిప్పితే జారకూడదు. సంగటిలోకి చేసుకునే పలుచన ఇక్కడ పనికిరాదు.

అయితే ముందు వెన్న రాయాలి, ఇది మాత్రం మానొద్దు. ముక్కకు రెండు గ్రాముల చొప్పున 200 గ్రాములు, అంచు దాకా. కొవ్వు పొర తేమను ఆపుతుంది. వెన్న రాయని చోటే రొట్టె నానుతుంది. కరిగిన వెన్న రొట్టెలోకి ఇంకిపోయి పొర నిలవదు కాబట్టి మెత్తబడిన వెన్నే వాడండి.

సగానికి గుడ్డు: 12 కోడిగుడ్లు మరిగే నీళ్లలో 10 నిమిషాలు ఉంచి, చల్లార్చి, తడి కత్తితో చక్రాలు కోస్తే 50 దాకా వస్తాయి. పైన కొత్తిమీర ఆకు. మిగతా సగానికి పన్నీరు 200 గ్రాములు, అర సెంటీమీటరు మందాన. దాని మీద అనంతపురం దానిమ్మ గింజలు రెండేసి, తుడిచి పెట్టండి, లేకుంటే ఎర్రరసం కారుతుంది. నాటుకోడి వేపుడు పెట్టాలనిపిస్తే ఎముక తీసి సన్నగా చీల్చాల్సిందే. ఒక చేత్తో గ్లాసు పట్టుకున్నవాళ్లు ఎముక ఎక్కడ ఉమ్ముతారు?

ముక్కలన్నీ విడివిడిగా సిద్ధం చేసుకుని, వడ్డించే అరగంట ముందు పేర్చండి. పేర్చినవి ఫ్రిజ్‌లో పెడితే రొట్టె తేమ పడుతుంది. కర్నూలు ఏప్రిల్ ఎండలో బయట గంటకు మించి ఉంచొద్దు. 32 డిగ్రీలు దాటిన వేడిలో గుడ్డు, పన్నీరు తొందరగా పాడవుతాయి. అందుకే ఒకేసారి అన్నీ పరచకుండా 25 చొప్పున బయటికి పంపండి.

బ్రెడ్ బదులు జొన్నరొట్టె కూడా నడుస్తుంది. వేడినీళ్లతో పిండి కలిపి పల్చగా తట్టి, సగం కాలాక చిన్న మూతతో గుండ్రాలు కోసి, తిరిగి సన్న సెగన కరకరలాడేదాకా ఆరబెట్టాలి. పూర్తిగా కాలాక కోస్తే పగుళ్లిచ్చి ముక్కలవుతుంది.