నేత చీర ముక్కతో పుస్తకం అట్ట

ఇంట్లోనే బైండింగ్ చేసే మా వరంగల్ వాళ్లకు పాత నేత చీరలకు కొదవ లేదు. సిద్దిపేట గొల్లభామ చీర ముక్క దొరికిందా, డైరీ అట్టకు ఇంకేం కావాలి! కాకపోతే బట్టను నేరుగా అట్టకు అంటించకండి. లై (మైదా జిగురు) నేత సందుల్లోంచి పైకి ఊరి మచ్చలు పడతాయి. ముందు బట్ట వెనక సన్న కాగితం వేయాలి.

రంగు దిగుతుందేమో ఓ మూల తడిపి చూడండి. దిగకపోతే బట్టంతా తడిపి, అద్దం మీద బోర్లా పరిచి ముడతలు తీయండి. నేత దారాలు తిన్నగా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోవాలి, లేదంటే చీర మీది గొల్లభామ బొమ్మ వంకరగా నిలబడుతుంది. మైదా ఒక వంతు, నీళ్లు ఐదు వంతులు పోసి ఉడికించిన లై చల్లారాక కాగితానికే రాయండి, బట్టకు కాదు. కాగితం బట్ట కన్నా నాలుగు వైపులా రెండు వేళ్లు ఎక్కువ ఉండాలి. ఆ అంచులు అద్దానికి పట్టుకుంటేనే ఆరేకొద్దీ బట్ట బిగుస్తుంది. లై రాసిన కాగితాన్ని బట్ట మీద పరిచి, మధ్య నుంచి అంచులకు బ్రష్‌తో అదిమి, రాత్రంతా వదిలేయండి. వానాకాలమైతే ఇంకా ఆలస్యమవుతుంది, ఫ్యాన్ కింద మాత్రం పెట్టొద్దు.

పురుగు పట్టకుండా లైలో చిటికెడు మైలుతుత్తం కలిపేవాళ్లున్నారు. అది విషం, వంట గిన్నెలో కలపకండి.