మోటార్ బోర్డు కనిపించి మాయమవుతుంటే

తిరుపతిలో మా ల్యాబ్ రోబోను నడిపేది ఉబుంటు 22.04 (లినక్స్), రాస్ 2 హంబుల్ (రోబో సాఫ్ట్‌వేర్) వేసిన ల్యాప్‌టాప్. మోటార్ బోర్డు మీద యూఎస్‌బీని సీరియల్‌గా మార్చే సీహెచ్340 చిప్. కేబుల్ పెట్టగానే ఆ బోర్డుకు లినక్స్ ఇచ్చే పోర్టు, టీటీవైయూఎస్‌బీ0, వచ్చి, వెంటనే పోయేది. కేబుల్ మార్చేముందు డీమెస్గ్ కమాండ్‌తో కెర్నల్ సందేశాలు చూడండి. అందులో బీఆర్ఎల్‌టీటీవై పేరుంటే కారణం అదే. అది బ్రెయిలీ పరికరాల సర్వీసు. సీహెచ్340కి ఉండే 1ఏ86:7523 అనే యూఎస్‌బీ ఐడీ ఆ పరికరాల్లో ఒకదానికి కూడా ఉండటంతో, ఆ సర్వీసు మన పోర్టును లాక్కుంటుంది. బ్రెయిలీ వాడేవాళ్లు లేకపోతేనే ఆ ప్యాకేజీ తీసేయండి. ఉంటే యూడెవ్‌లో (తగిలించిన పరికరాలను గుర్తించి పేర్లు పెట్టే లినక్స్ భాగం) ఆ ఒక్క ఐడీ రూలునే ఆపండి, వాళ్ల పని ఆగకూడదు.

తర్వాత యూజర్‌ను సీరియల్ పోర్టులు వాడే అనుమతి ఉన్న డయలౌట్ గ్రూపులో చేర్చి, లాగవుటై మళ్లీ లాగిన్ కావాలి. లేదంటే ‘పర్మిషన్ డినైడ్’ వదలదు.

లైడార్ (లేజర్‌తో దూరం కొలిచే సెన్సర్) కూడా తగిలిస్తే టీటీవైయూఎస్‌బీ0, 1 పేర్లు తారుమారు కావచ్చు. యూడెవ్ రూలుతో దేనికదే పేరు పెట్టండి. సీహెచ్340కి సాధారణంగా సీరియల్ నంబరుండదు. అలాంటివి రెండుంటే ఏ యూఎస్‌బీ పోర్టన్నదాన్ని బట్టే గుర్తించాలి.