కథలో మంచు ఖండాన్ని సృష్టించే ముందు జాగ్రత్తలు

మీ ఊహాలోకపు పటంలో అడుగున తెల్లటి ఖండం ఒకటి గీశారా? కథ మొదలుపెట్టే ముందు అంటార్కిటికాను దగ్గరగా చూడండి. అక్కడి నిజాలు కల్పనకు ఏమాత్రం తీసిపోవు.

• చలి ఎంతో ముందే తేల్చుకోండి. 1983 జూలై 21న అంటార్కిటికాలోని వోస్తోక్ పరిశోధన కేంద్రంలో మైనస్ 89.2 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. గడ్డకట్టే చలిలో మీ వీరుడు ఉత్త చేత్తో ఇనుప కత్తి పట్టుకుంటే చర్మం దానికి అతుక్కుపోతుంది. ఊపిరిలోని తేమ కనురెప్పల వెంట్రుకలపై తెల్లగా పేరుకుంటుంది. "ఎముకలు కొరికే చలి" అని రాసి వదిలేయకండి, పాఠకుణ్ణి వణికించేవి ఇలాంటి వివరాలే.

• దాహాన్ని మరవద్దు. చుట్టూ మంచే అయినా కరిగించనిదే గుక్కెడు నీళ్లు దొరకవు. ఇంధనం అయిపోతే నీళ్లు కూడా అయిపోయినట్టే. కథకు ఇంతకంటే గట్టి సంకటం నాకు తోచదు.

• ధ్రువం దగ్గర పగలు ఆరు నెలలు, రాత్రి ఆరు నెలలు. "మర్నాడు తెల్లవారాక" అన్న మాట కనిపిస్తే కొట్టేయండి.

• చెట్లు ఉండవు. చలిమంటకు కట్టెలు ఎక్కడివో చెప్పండి.

• రహస్యమేమిటో రాయకముందే మీకు తెలిసి ఉండాలి. వోస్తోక్ సరస్సు దాదాపు 4 కిలోమీటర్ల మంచు కింద గడ్డకట్టకుండా ఉంది. టేలర్ హిమానీనదం నుంచి కారే ఉప్పునీరు, అందులోని ఇనుముకు గాలి తగిలి, నెత్తురులా ఎర్రబడుతుంది. చూసినవారికి అది మాయ, కారణం మాత్రం మంచు అడుగున ఉంది. మీ ఖండానికీ అలాంటి కారణం ఒకటి రాసిపెట్టుకుని, చివరి అధ్యాయాల దాకా దాచండి.