ఇంగ్లండ్ రైలు పాఠాలు – 3: టికెట్ మీద ఏం రాసి ఉందో చూడండి

పోయిన పాఠం చివర ఒక చిన్న పని చెప్పాను. లండన్ నుంచి మాంచెస్టర్‌కి ఏదైనా ఒక బుధవారం ఉదయం ఏడున్నర బండికి ఎంత, పదకొండు గంటల బండికి ఎంత అని నేషనల్ రైల్ సైట్‌లో చూసి కాగితం మీద రాసుకోమన్నాను. రాసినవాళ్లు ఆ తేడా చూసి, తప్పు నొక్కామేమో అనుకుని మళ్లీ వెనక్కి వెళ్లి చూసే ఉంటారు. మీరేం తప్పు నొక్కలేదు. అవే పట్టాలు, అలాంటి సీటే. మారిందల్లా గంట.

మనవాళ్లకి ఇది ఓ పట్టాన మింగుడుపడదు. విజయవాడ నుంచి సికింద్రాబాద్‌కి స్లీపర్ టికెట్ తెల్లవారుజాము బండికైనా, మిట్టమధ్యాహ్నం బండికైనా దాదాపు అంతే ఉంటుంది. అక్కడ మన టెన్షనంతా సీటు గురించే: వెయిటింగ్ లిస్టు ఎంత, ఆర్ఏసీ కన్ఫర్మ్ అవుతుందా, తత్కాల్ తెరిచే నిమిషానికి నెట్ పనిచేస్తుందా. ఇంగ్లండ్‌లో వెయిటింగ్ లిస్టు అన్న మాటే లేదు. చాలా బండ్లలో రిజర్వేషన్ లేకపోయినా టికెట్ ఉంటే ఎక్కొచ్చు, సీటు దొరక్కపోతే తలుపు దగ్గర నిలబడి పోవచ్చు. ఇక్కడ గొడవంతా రేటుతోనే. అందుకే ఈ పాఠంలో టికెట్ రకాలు తప్ప వేరే సంగతి ఎత్తను.

ముందుగా ఎనీటైమ్. పేరులోనే ఉంది, ఏ గంటకైనా చెల్లుతుంది. అన్నిటికంటే ఖరీదు. ఖర్చు ఆఫీసు భరిస్తుంటే తీసుకోండి, లేదంటే దీన్ని మర్చిపోండి.

రెండోది ఆఫ్-పీక్. జనం ఆఫీసులకి పరిగెత్తే వేళ తప్పిస్తే చాలు, మిగతా బండ్లలో ఏదైనా ఎక్కొచ్చు. మామూలు రోజుల్లో చాలా చోట్ల తొమ్మిది, తొమ్మిదిన్నర తర్వాత మొదలవుతుంది. కానీ ఆ గంట దేశమంతా ఒకేలా ఉండదు, ఏ మార్గానికి ఆ మార్గమే. లండన్ నుంచి బయటికి వెళ్లే కొన్ని లైన్లలో సాయంత్రం కూడా ఒకటి రెండు గంటలు కుదరదు. శని, ఆదివారాల్లో ఈ బెడద దాదాపు ఉండదు. దీనికే ఇంకాస్త బిగింపు వేస్తే సూపర్ ఆఫ్-పీక్ అవుతుంది. ఇక్కడో వింత ఉంది. చాలా మార్గాల్లో ఆఫ్-పీక్ రిటర్న్ ధర, ఒకవైపు టికెట్ కంటే ఒకటి రెండు పౌండ్లు మాత్రమే ఎక్కువ. తిరుగు ప్రయాణానికి సాధారణంగా నెల రోజుల గడువుంటుంది. కాబట్టి ఒకవైపు టికెట్ కొనేముందు రిటర్న్ ధర కూడా ఒకసారి చూడండి. లండన్, యార్క్, న్యూకాజిల్ మీదుగా బండ్లు నడిపే ఎల్ఎన్ఈఆర్ అనే రైలు కంపెనీ మాత్రం 2023లో ఈ పద్ధతి ఎత్తేసి, రానూ పోనూ విడివిడిగా అమ్ముతోంది. అక్కడ ఈ ఉపాయం వెతక్కండి.

మూడోది అడ్వాన్స్. ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడు ఇచ్చే అడ్వాన్స్ అనుకునేరు, అది కనీసం ఖాళీ చేసేటప్పుడైనా తిరిగొస్తుంది! రైలు అడ్వాన్స్ మీ అంతట మీరు మానుకుంటే తిరిగి రాదు. ఒక తేదీ, ఒక బండి, ఒక టైమ్: ఆ ఒక్క బండికే చెల్లుతుంది. బండి బయల్దేరకముందైతే ఫీజు కట్టి వేరే టైముకి మార్చుకోవచ్చు, ఆ బండి వెళ్లిపోయాక అది చిత్తుకాగితమే. ఇన్ని సంకెళ్లు వేశారు కాబట్టే చవక.

ఈ అడ్వాన్స్ ఎలా అమ్ముతారో తెలిస్తే సగం పని అయినట్టే. ఒక బండికి ఒకే అడ్వాన్స్ ధర ఉండదు, మెట్లుమెట్లుగా ఉంటుంది. లెక్క కోసం ఊహించుకుందాం: ఫలానా బండిలో 15 పౌండ్లకి కొన్ని టికెట్లు, అవి అయిపోతే 22కి కొన్ని, ఆ తర్వాత 31కి కొన్ని. నిన్న చూసిన రేటు ఇవాళ పెరిగిందంటే, కింది మెట్టు ఖాళీ అయిందని అర్థం. ఇద్దరు స్నేహితులు కలిసి వెళ్తుంటే ఇంకో కిటుకుంది. 15 పౌండ్ల మెట్టులో ఒక్కటే మిగిలి ఉన్నప్పుడు ఇద్దరికి కలిపి అడిగితే, సైట్ ఇద్దరికీ 22 చూపించొచ్చు. ఒక్కొక్కరికి విడిగా అడిగి చూడండి, ఒకరికైనా కింది మెట్టు దొరకొచ్చు. అయితే సీట్లు పక్కపక్కన రాకపోవచ్చు.

ఇవి ఎప్పుడు తెరుస్తారు? మామూలుగా ప్రయాణానికి 12 వారాల ముందు. ఆ టైమ్ పట్టిక ఖరారయ్యేదే అప్పుడు. కొన్ని కంపెనీలు ఇంకా ముందే అమ్ముతాయి, కొన్ని ఆలస్యం చేస్తాయి. కాబట్టి రెండు నెలల తర్వాత ప్రయాణానికి ఈ రోజు ఎనీటైమ్ రేటొక్కటే కనిపిస్తే కంగారుపడి కొనేయకండి. అడ్వాన్స్ ఇంకా తెరవలేదేమో! క్రిస్మస్ ముందు రోజుల్లో ఇది మరీ ఎక్కువ. అన్నట్టు, డిసెంబర్ 25న రైళ్లు నడవవు. అసలు నడవవు, ప్లాన్ చేయొద్దు.

సరే, ఇప్పుడు ఒక టికెట్‌ని దగ్గరగా చూద్దాం. ఫోన్‌లో వచ్చిన ఇ-టికెట్ అనుకోండి, లేదా ఆ నారింజ అంచుల పాత కాగితం టికెట్ అనుకోండి. ఎక్కడి నుంచి, ఎక్కడికి, తేదీ, ధర అందరూ చూస్తారు. ఎవరూ చూడని లైన్ ఒకటుంది, రూట్ అని. అక్కడ ఎనీ పర్మిటెడ్ అని ఉంటే, ఆ రెండు ఊళ్ల మధ్య అనుమతించిన దారుల్లో ఏ కంపెనీ బండైనా ఎక్కొచ్చు. ఒక కంపెనీ పేరు రాసి పక్కన ఓన్లీ అని ఉంటే, ఆ కంపెనీ బండ్లు మాత్రమే.

దీనికి లండన్–బర్మింగ్‌హామ్ కంటే మంచి ఉదాహరణ లేదు. లండన్‌లోని యూస్టన్ స్టేషన్ నుంచి అవంతి అనే కంపెనీ బండి గంటా ఇరవై నిమిషాల్లోపో, కాస్త అటూ ఇటూగానో బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్‌లో దింపుతుంది. అదే యూస్టన్ నుంచి లండన్ నార్త్‌వెస్టర్న్ కంపెనీ బండి చిన్న స్టేషన్లలో ఆగుతూ రెండు గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ తీసుకుంటుంది. మూడో కంపెనీ చిల్టర్న్. దానికి లండన్‌లో స్టేషన్ వేరు, మేరిలబోన్. బర్మింగ్‌హామ్‌లోనూ వేరు, మూర్ స్ట్రీట్. సుమారు గంటా యాభై నిమిషాలు. నెమ్మది బండ్లకి ఆ కంపెనీకే పరిమితమైన చవక టికెట్లుంటాయి. టైమ్ ఉన్న స్టూడెంట్‌కి అరగంట, గంట ఆలస్యం పెద్ద నష్టమేం కాదు. ఆ డబ్బుతో వారం కూరగాయలొస్తాయి. కానీ చిల్టర్న్ టికెట్ కొని యూస్టన్‌కి వెళ్లి నిలబడితే మాత్రం చేయగలిగిందేం లేదు. స్టేషన్ పేరు పూర్తిగా చదవండి. మాంచెస్టర్‌లోనూ ఇదే తంటా: పికడిలీ, విక్టోరియా, ఆక్స్‌ఫర్డ్ రోడ్.

నేనూ చదవలేదు కాబట్టే చెప్తున్నా. వచ్చిన మొదటి చలికాలం, లీడ్స్‌లో స్నేహితుడి గదిలో రెండు రోజులుండి తిరుగు ప్రయాణమయ్యాను. నాది అడ్వాన్స్ టికెట్, ఇంకా గంట టైముంది. ప్లాట్‌ఫామ్ మీద గాలి చెవులు కోసేస్తోంది. అదే దారిలో పోయే ముందు బండి వచ్చి ఆగింది, సగం సీట్లు ఖాళీ. ఖాళీ సీటే కదా, ఎవరి సొమ్మేం పోయిందని ఎక్కి కూర్చున్నాను. టికెట్ చెకింగ్ ఆయన ఎంతో మర్యాదగా, సర్ సర్ అంటూనే, ఇది తర్వాతి బండి టికెట్ అని చూపించి, ఈ బండికి కొత్త టికెట్ రాశాడు. దాంతో చవక టికెట్ కాస్తా మూడింతలు పడింది. ఖాళీ సీటుకీ, నా టికెట్‌కీ ఏ సంబంధమూ లేదని ఆ రోజు తెలిసింది. అదే అడ్వాన్స్‌తో మధ్యలో ఇంకో ఊళ్లో దిగి తిరిగొద్దామన్నా కుదరదు. ఆఫ్-పీక్‌లో చాలా వరకు కుదురుతుంది. అయితే ఒక మినహాయింపు గుర్తుంచుకోండి: మీ మొదటి బండి ఆలస్యమై, మారాల్సిన రెండో బండి తప్పిపోతే, తప్పు మీది కాదు. ఆ కంపెనీ తర్వాతి బండిలో అదే టికెట్‌తో వెళ్లొచ్చు.

ఇక అందరూ అడిగే స్ప్లిట్ టికెట్. ఒక ఊరి నుంచి ఇంకో ఊరి దాకా ఒకే టికెట్ కొనేకంటే, మధ్యలో వచ్చే స్టేషన్ దాకా ఒకటి, అక్కడి నుంచి చివరి దాకా ఇంకొకటి కొంటే చవకగా పడటమే స్ప్లిట్. ఇది దొంగదారేం కాదు, రైల్వే నియమావళిలోనే ఉంది. షరతు ఒక్కటే: టికెట్ విడగొట్టిన స్టేషన్లో ఆ బండి ఆగాలి. మీరు దిగనక్కర్లేదు, సీట్లోంచి లేవనక్కర్లేదు.

దీనికి పాతకాలం నుంచీ చెప్పుకునే ఉదాహరణ లండన్ పాడింగ్టన్ నుంచి బ్రిస్టల్. దారిలో డిడ్‌కాట్ పార్క్‌వే వస్తుంది. ఉదయం పీక్ బండిలో లండన్–బ్రిస్టల్ మొత్తానికి పీక్ ధర పడుతుంది. అదే డిడ్‌కాట్ దగ్గర విడగొడితే, లండన్–డిడ్‌కాట్‌కి మాత్రమే పీక్ ధర. బండి డిడ్‌కాట్ చేరేసరికి అక్కడ ఆఫ్-పీక్ మొదలైపోయి ఉంటే, మిగతా దూరం ఆఫ్-పీక్‌లో పోతుంది. పాడింగ్టన్ బండ్లన్నీ డిడ్‌కాట్‌లో ఆగవు. ఆగని బండిలో ఈ రెండు టికెట్లు చెల్లవు, అది బాగా చూసుకోండి. స్ప్లిట్ వెతికిపెట్టే యాప్‌లున్నాయి. వాటిలో చాలా వరకు మిగిలిన డబ్బులో కొంత వాటా తీసుకుంటాయి. నా పద్ధతి చెప్తాను: యాప్‌లో ఎక్కడ విడగొట్టిందో చూస్తాను, తర్వాత ఏ రైలు కంపెనీ సైట్‌లోనో ఆ ముక్కలు నేనే కొంటాను. రైలు కంపెనీల సైట్లలో బుకింగ్ ఫీజు ఉండదు, ఏ కంపెనీ సైట్‌లోనైనా మిగతా కంపెనీల టికెట్లు కూడా దొరుకుతాయి. ఈ ముక్క చాలామందికి తెలీదు. ఫీజు తీసుకునే యాప్‌లోనే ఏళ్ల తరబడి కొంటుంటారు.

రైల్‌కార్డ్ గురించి రెండో పాఠంలో చెప్పాను కాబట్టి పొడవుగా చెప్పను. 35 పౌండ్ల కార్డు, మూడో వంతు తగ్గింపు. అంటే ఏడాదిలో 105 పౌండ్ల టికెట్లు కొంటే కార్డు ఖర్చు తిరిగొచ్చేసింది. ఉత్తరం రాసిన ఒకరు, నాకు 27 ఏళ్లు కదా, 16-25 కార్డు ఇవ్వరేమో అని అడిగారు. ఫుల్‌టైమ్ స్టూడెంట్ అయితే 25 దాటినా ఇస్తారు, యూనివర్సిటీ నుంచి ధ్రువీకరణ కావాలంతే. ఆ కార్డుకి మామూలు రోజుల్లో ఉదయం పది లోపు 12 పౌండ్ల కనీస ధర నియమముంది, అంటే తగ్గింపు తర్వాత కూడా ధర 12 కంటే కిందికి పోదు. అది అడ్వాన్స్ టికెట్లకి వర్తించదు. స్ప్లిట్ చేస్తే ప్రతి ముక్కకీ కార్డు పెట్టడం మర్చిపోకండి. టికెట్ కొన్నాక కార్డు ఇంట్లో వదిలేసి బయల్దేరకండి, ఫోన్‌లో ఛార్జింగ్ చూసుకోండి. కార్డు చూపించలేకపోతే తగ్గింపు టికెట్ అసలు లేనట్టే లెక్క.

ఆదివారం గురించి ఒక్క మాట. పట్టాల మరమ్మతులు ఎక్కువగా వారాంతాల్లోనే పెడతారు. ప్రయాణ సమయం మామూలు కంటే గంటన్నర ఎక్కువ కనిపిస్తే, వివరాలు తెరిచి చూడండి, మధ్యలో బస్సు బొమ్మ ఉంటుంది. రైలు టికెట్‌తో బస్సులో కూర్చోబెడతారు. సామాను ఎక్కువుంటే శనివారమే మేలు.

ఇంటిపని. ఇప్పటి నుంచి ఆరు వారాల తర్వాత ఒక మంగళవారం, లెస్టర్ నుంచి న్యూకాజిల్‌కి. కొనొద్దు, చూడండి చాలు. ఎనీటైమ్, ఆఫ్-పీక్, అడ్వాన్స్ మూడు ధరలూ రాయండి. పక్కనే ప్రతి దానికీ రూట్ లైన్లో ఏముందో రాయండి. ఎక్కడ బండి మారమంటోందో, మారడానికి ఎన్ని నిమిషాలిచ్చిందో చూడండి. ఆ మారే స్టేషన్ దగ్గరే విడగొట్టి మళ్లీ లెక్కేయండి, తగ్గితే ఎంత తగ్గిందో రాయండి, పెరిగితే అదీ రాయండి, పెరగడమూ మామూలే. నాలుగో పాఠంలో బండి ఆలస్యమైతే డబ్బు ఎలా వెనక్కి రాబట్టాలో చూద్దాం. ఈలోగా ఎవరి బండైనా 15 నిమిషాలు మించి ఆలస్యమైతే టికెట్ డిలీట్ చేయకుండా దాచిపెట్టండి. క్లెయిమ్‌కి 28 రోజుల గడువుంది.