ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చినాక బైపోలార్‌తో బతకడం ఎట్టా

బైపోలార్ అని, అంటే మనసు కొన్నాళ్లు మరీ పైకి లేచి, కొన్నాళ్లు మరీ కిందికి కుంగిపోయే జబ్బని చెప్పి, కొన్నాళ్లు అడ్మిట్ చేసి, తగ్గింది ఇంటికి పొమ్మంటారు గానీ ఇంటికొచ్చినాక రోజులు ఎట్టా గడపాలో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు తక్కువ. చీటీ రాసిస్తారు, నెలకి రమ్మంటారు, అంతే. నేను కావలి మనిషిని, చాలా ఏళ్లుగా ఈ జబ్బుతో ఉండా, ఉద్యోగం చేసుకుంటా ఇల్లు చూసుకుంటా ఉండా. మన నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్లకి పనికొస్తుందని ఇది రాస్తా ఉండా. మాత్ర ఏదో, ఎంతో డాక్టర్ చూసుకుంటారు, మన చేతిలో ఉండేది ముఖ్యంగా నిద్ర, దాన్ని కాపాడుకుంటే సగం పని అయినట్టే.

రెండు మూడు రాత్రులు వరసగా నిద్ర చెడిందంటే మందు వేసుకుంటా ఉన్నా మేనియా, అంటే మనసు మరీ పైకి లేచే దశ, వచ్చే అవకాశం ఉంది. మరి మన వైపు రాత్రి మేలుకునే పనులే ఎక్కువ, రొయ్యల చెరువు కాడ ఏరియేటర్లు ఆగకుండా కాపలా కాయాలి, పొగాకు బ్యారన్ కాల్చే రోజుల్లో మంట చూసుకుంటా కూర్చోవాలి, పెళ్లి ముహూర్తాలు తెల్లవారుజామున పెడతారు, రొట్టెల పండగొస్తే ఇంటి నిండా చుట్టాలు. వీటన్నిటికీ దూరంగా ఉండమని కాదు. రాత్రి కాపలా మాత్రం ఇంకొకరికి అప్పజెప్పండి, మీరు పగలు మేత, లెక్కలు, కూలీల సంగతి చూసుకోండి, అన్నదమ్ములతో సీజన్‌కి ముందే మాట్లాడుకుంటే కుదురుతుంది. పెళ్లికి పోతే సాయంత్రం రిసెప్షన్‌లో కనపడి, భోంచేసి, పదింటికల్లా పడుకోండి. తలంబ్రాలు చూడలేదని ఎవరన్నా అనుకుంటే అనుకోనీయండి.

బాగున్నప్పుడే ఒక కాగితం రాసి పెట్టుకోండి, ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే జబ్బు పైకి లేచేటప్పుడు మనకి మనం బ్రహ్మాండంగా ఉన్నట్టే అనిపిస్తుంది, డాక్టర్ గుర్తే రాడు. నా కాగితంలో ఉండేవి ఇవి: మూడింటికే లేచి బీరువాలు సర్దడం, ఎప్పుడో స్కూల్లో చదివినోళ్లకి వరసగా ఫోన్లు చెయ్యడం, ట్రంక్ రోడ్డుకి పోయి అక్కర్లేని సామాన్లు అప్పు మీద తేవడం. కిందికి పోయేటప్పుడైతే స్నానం వాయిదా వెయ్యడం, ఫోన్ ఎత్తకపోవడం. ఎవరివి వాళ్లకి వేరేగా ఉంటాయి, ఇంట్లోవాళ్లని కూడా అడగండి, మనం చూడనివి వాళ్లు చూసుంటారు. వీటిల్లో రెండు కనపడితే ఏటీఎం కార్డు ఎవరి చేతికివ్వాలి, ఎన్ని రోజుల్లో డాక్టర్ దగ్గరికి పోవాలి అనేది కూడా అందులోనే రాయండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, నాకు మళ్లీ జబ్బు ముదిరితే ఏ వైద్యం కావాలి, ఏది వద్దు, నా తరఫున ఎవరు మాట్లాడాలి అని ముందే రాసిపెట్టుకునే హక్కు కూడా మనకుంది.

ఈ జబ్బుకిచ్చే లిథియం మాత్ర వేసుకునేవాళ్లు ఎండాకాలం వచ్చిందంటే జాగ్రత్త. ఈ మందు కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది, రోహిణి కార్తెలో చెమట కారిపోయి ఒంట్లో నీళ్లు, ఉప్పు తగ్గితే కిడ్నీ లిథియంని లోపలే పట్టుకుంటుంది, రక్తంలో అది పెరిగిపోతుంది. నీళ్లు బాగా తాగండి, ఉప్పు ఉన్నట్టుండి మానొద్దు, బీపీ ఉందని ఎవరన్నా ఉప్పు తగ్గించమన్నా, బీపీకి కొత్త మాత్ర రాసినా లిథియం ఇచ్చే డాక్టర్‌కి చెప్పండి. చేతులు సన్నగా వణకడం చాలామందికి ఉండేదే, కానీ వణుకు బాగా ఎక్కువై, వాంతులు, విరేచనాలు, నడకలో తూలడం, మాట ముద్దగా రావడం ఉంటే తర్వాత మాత్ర వేసుకోకుండా వెంటనే ఆస్పత్రికి పోవాలి. ఇంకోటి, ఊళ్లో ఆర్ఎంపి దగ్గరికి నడుం నొప్పని పోతే డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేసేస్తారు, అది, ఐబుప్రోఫెన్ కూడా లిథియంని పెంచుతాయి, పారాసిటమాల్ ఇమ్మని మీరే అడగండి. రక్త పరీక్ష రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకి ఇవ్వాలి, పొద్దున మాత్ర వేసుకుని పోతే లెక్క తప్పుతుంది. థైరాయిడ్, కిడ్నీ టెస్టులు కూడా మధ్య మధ్యలో చేయించాలి. ఆడపిల్లలు పిల్లల్ని కనాలనుకుంటే ముందే డాక్టర్‌తో మాట్లాడాలి, ముఖ్యంగా ఈ జబ్బుకే ఇచ్చే ఇంకో మందు వాల్‌ప్రోయేట్ వేసుకునేవాళ్లు, కడుపులో బిడ్డకి అది మంచిది కాదు, అట్టని సొంతంగా ఆపేయడం కూడా వద్దు.

ఇంట్లోవాళ్లకి ఒక మాట. కాస్త గట్టిగా నవ్వితే మాత్రేసుకున్నావా, కోపం వస్తే మాత్రేసుకున్నావా అని నలుగురూ అడుగుతా ఉంటే మనిషి విసిగిపోయి మాత్రలే మానేస్తాడు. అడిగే పని ఒక్కరికే ఇవ్వండి, రోజుకి ఒక్కసారే, అన్నం తిన్నాక. నాకైతే మా అక్క అడుగుద్ది, మిగతావాళ్లు నాతో కరెంటు బిల్లు గురించీ పిల్లల చదువు గురించీ మాట్లాడతారు, ఆ మాటల వల్లే నేను మళ్లీ మామూలు మనిషినయ్యా అనిపించింది.

గాలి సోకిందని కసుమూరు దర్గాకో పెంచలకోనకో తీసుకుపోతామంటారు. పోండి, మొక్కుకోండి, మనసుకి ధైర్యం వస్తే మంచిదే, మాత్రల సంచి మాత్రం వెంట ఉండాలి. గొలుసులతో కట్టేసే చోట మాత్రం మీ మనిషిని ఒక్క రాత్రి కూడా ఉంచొద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో మానసిక జబ్బు ఉన్నవాళ్లని ఉంచే చోట మంటలంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు పారిపోలేక 28 మంది చనిపోయారు. ఇప్పుడు గొలుసులతో కట్టడాన్ని చట్టమే నిషేధించింది.

చచ్చిపోవాలని ఆలోచనలొస్తే తెల్లారిందాకా ఆగొద్దు. టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ నంబర్ 14416కి చెయ్యండి, రాత్రైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులుండవు. ప్రాణాపాయం అనిపిస్తే 108. ఆ రోజుల్లో పురుగుమందు డబ్బాలు, మిగిలిన మాత్రలు ఇంట్లోవాళ్లు తాళం వేసి పెట్టాలి, వీలైతే పురుగుమందు ఇంట్లోనే లేకుండా చెయ్యాలి, మనిషిని ఒంటరిగా వదలొద్దు.

పనికి మళ్లీ పోవడం మెల్లగా మొదలుపెట్టండి, ముందు పూటపని, నిద్ర నిలబడితే ఫుల్ డే, నైట్ షిఫ్ట్ అయితే డాక్టర్ చేత లెటర్ రాయించి పగటికి మార్పించుకోండి. పని చెయ్యలేనంత జబ్బు ఉంటే సచివాలయంలో సదరం, అంటే వైకల్యం ఎంతుందో డాక్టర్లు చూసి సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపుకి, స్లాట్ బుక్ చేసుకోండి, వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు సర్టిఫికెట్ వస్తే దివ్యాంగుల పింఛనుకి పెట్టుకోవచ్చు, 2024లో అది నెలకి 6000 రూపాయలు చేశారు. పోయేటప్పుడు పాత చీటీలు, డిశ్చార్జి కాగితాలు, రక్త పరీక్షలు అన్నీ ఒకే ఫైల్‌లో తేదీల వరసన పెట్టుకుని తీసుకుపోండి, ఎన్నేళ్ల నుంచి వైద్యం జరుగుతోందో వాళ్లు చూసేది వాటిల్లోనే.