కొండదారికి ఎలక్ట్రిక్ సైకిల్: కొనేముందు ఏం చూడాలి, కొన్నాక ఏం బిగించాలి

నేను ఉండేది విశాఖ ఎంవీపీ కాలనీలో, ఆఫీసు రుషికొండ ఐటీ హిల్ మీద. సైకిల్ చూసినవాళ్ళు మొదట అడిగేది "ఒక ఛార్జింగ్‌కి ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?" అనే. విజయవాడ బందరు రోడ్డు లాంటి చదును మీద తిరిగేవాళ్ళకి ఆ ప్రశ్న సరిపోతుందేమో. మన ఊళ్ళో అడగాల్సింది వేరు. మీ దారిలో అన్నిటికంటే నిటారుగా ఉన్న అర కిలోమీటరును మీ బరువుతో, లంచ్ బాక్సు, లాప్‌టాప్ బ్యాగుతో సహా ఈ సైకిల్ ఎక్కగలదా? ఆ ముక్క దాటితే మిగతా దారి సమస్యే కాదు.

కాబట్టి షాపుకి వెళ్ళకముందే ఆ అర కిలోమీటరు ఎక్కడుందో తేల్చుకోండి. గూగుల్ ఎర్త్‌లో మీ దారి గీసి ఎలివేషన్ ప్రొఫైల్ చూస్తే ఎక్కడ ఎంత ఎత్తు పెరుగుతోందో తెలుస్తుంది. 500 మీటర్ల దూరంలో 30 మీటర్లు పెరిగితే అది ఆరు శాతం అప్, 50 మీటర్లు పెరిగితే పది శాతం. నాకు రెండు దారులున్నాయి. హనుమంతవాక, జూ, ఎండాడ మీదుగా హైవే ఒకటి. తెన్నేటి పార్కు, జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్ మీదుగా బీచ్ రోడ్డు ఇంకొకటి. ఎత్తుపల్లాలు రెండిట్లోనూ ఉన్నాయి. హైవేలో లారీలు అదనం కాబట్టి నేను బీచ్ రోడ్డే పట్టాను. దీంతో ఒక చిక్కుంది. ఎండాకాలం సాయంత్రాలు నైరుతి గాలి, ఇంటికొచ్చేటప్పుడు సరిగ్గా ఎదురు కొడుతుంది. ఎదురుగాలి కూడా ఒక ఎక్కుడే అనుకుని బ్యాటరీ లెక్క వేసుకోవాలి.

ఇక మోటారు. మన చట్టం ప్రకారం 250 వాట్ల లోపు మోటారు, 25 కిలోమీటర్ల లోపు వేగం ఉన్న సైకిల్‌కి రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. అందుకే షాపులో కనిపించేవాటిలో ఎక్కువ 250 వాట్లవే. అది చాలుతుందా? మనిషి, సైకిల్, బ్యాగు కలిపి 90 కిలోలు అనుకోండి. ఆరు శాతం అప్ గంటకి 12 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే చక్రం దగ్గర సుమారు 200 వాట్లు కావాలి. పది శాతమైతే 300 దాటుతుంది. మనం తొక్కితే ఒక 75 వాట్లు వేయగలం. అంటే మోటారు, కాళ్ళు కలిసి పనిచేస్తే ఎక్కొచ్చు. థ్రాటిల్ (స్కూటర్ యాక్సిలరేటర్ లాంటిది) తిప్పి కాళ్ళు ఊపుకుంటూ కూర్చుంటే పది శాతం దగ్గర ఆగిపోతుంది. ఇది బండి లోపం కాదు, లెక్కే అంత.

వాట్లకంటే చూడాల్సింది టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం. వెనక చక్రంలో ఉండే హబ్ మోటారుకి కనీసం 35, వీలైతే 40 న్యూటన్ మీటర్లు ఉండాలి. హబ్ మోటార్లలోనూ లోపల గేర్లున్న రకమే మనకి పనికొస్తుంది. పెడళ్ళ దగ్గర మోటారు ఉండే మిడ్ డ్రైవ్ కొండలకి ఇంకా మంచిది, ఎందుకంటే అది సైకిల్ గేర్ల ద్వారానే చక్రాన్ని తిప్పుతుంది. కానీ ఖరీదు ఎక్కువ, పైగా చైను, ఫ్రీ వీల్ (వెనక పళ్ళ చక్రాలు) త్వరగా అరుగుతాయి. అది చెడితే మన ఊళ్ళో ఎవరు బాగుచేస్తారో ముందే అడిగి, అప్పుడు ఆశపడండి.

నిజానికి హబ్ మోటారుని కొండమీద బతికించేది సైకిల్ గేర్లు. చక్రం మరీ నెమ్మదిగా తిరిగితే మోటారు తీసుకున్న కరెంటులో ఎక్కువ భాగం వేడిగా పోతుంది. మనం చిన్న గేరులో గబగబా తొక్కి వేగం పదికి తగ్గకుండా చూసుకుంటే దానికి ఊపిరాడుతుంది. అందుకే గేర్లు లేని మోడళ్ళు ఎంత అందంగా ఉన్నా వాటి జోలికి వెళ్ళొద్దు. ఏడు గేర్లుండాలి. వెనక పెద్ద పళ్ళ చక్రం 28 పళ్ళదైతే 34 పళ్ళున్న ఫ్రీ వీల్ వేయించుకోండి. ముందు మీ గేరు మార్చే డీరైలర్ 34 వరకు తీసుకుంటుందో లేదో మెకానిక్‌ని చూడమనండి. ఇంత చవగ్గా కొండ తేలికయ్యే మార్పు ఇంకోటి లేదు.

థ్రాటిల్ దండగ అనను. పెడల్ తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసే సెన్సర్ ఉన్న సైకిళ్ళలో సిగ్నల్ దగ్గర ఆగి మళ్ళీ అప్‌లో కదలాలంటే, పెడల్ కొంత తిరిగాక గానీ మోటారు అందుకోదు. ఆ కొంతలోనే వెనక్కి జారతాం, వెనక ఆటోవాడు హారన్ కొడతాడు. కదలడానికి ఒక్క క్షణం థ్రాటిల్, తర్వాత కాళ్ళు.

బ్యాటరీకి ఒక చేతిలెక్క. చదునులో కిలోమీటరుకి 9 వాట్-అవర్లు (బ్యాటరీ శక్తికి కొలత), ఎక్కే ప్రతి వంద మీటర్ల ఎత్తుకీ 35. రానూపోనూ 24 కిలోమీటర్లు, మొత్తం ఎక్కేది 200 మీటర్లు అయితే సుమారు 290 అవుతుంది. 36 వోల్టుల 7.8 ఆంపియర్ అవర్ బ్యాటరీలో ఉండేదే 280 (36ని 7.8తో గుణిస్తే వచ్చేది). అది చాలదు, 10 ఆంపియర్ అవర్ల పైన ఉన్నది తీసుకోండి, లేదా ఆఫీసులో ఛార్జ్ చేసుకోండి. ఊడదీసి పైకి తీసుకెళ్ళే బ్యాటరీ తప్పనిసరి. ఎక్కి వచ్చిన వెంటనే వేడిమీద ఛార్జింగ్ పెట్టకుండా ఓ అరగంట చల్లారనివ్వండి. దిగేటప్పుడు బ్యాటరీ నిండుతుందని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి. గేర్ల హబ్ మోటారు ఉంటే దిగుడులో చక్రం ఒక్కటే ఊరికే తిరుగుతుంది, మోటారు కరెంటు ఇవ్వదు.

దిగుడు అన్నాను కాబట్టి బ్రేకుల సంగతి. ఎక్కలేకపోతే దిగి తోసుకుంటాం, ఆగలేకపోతే ఏం చేస్తాం? ముందూ వెనకా డిస్క్ బ్రేకులుండాలి. తీగతో పనిచేసేవి కొత్తలో బాగానే ఉంటాయి. ప్యాడ్లు అరిగేకొద్దీ లివర్ హ్యాండిల్‌కి తగిలేదాకా వస్తుంది, మళ్ళీ మళ్ళీ బిగించుకోవాలి. డబ్బుంటే ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ వేయించండి. అయితే ఒక మెలిక: లివర్ నొక్కగానే మోటారు ఆగే కటాఫ్ ఫ్యాక్టరీ లివర్లలోనే ఉంటుంది. కొత్త లివర్లకి కూడా ఆ సెన్సర్ ఉండేలా చూసుకోకపోతే బ్రేకు ఒకవైపు, మోటారు ఒకవైపు లాగుతాయి. పొడుగు దిగుడులో బ్రేకు అదేపనిగా పట్టుకోవద్దు. గట్టిగా నొక్కి వేగం తగ్గించి వదలండి, మళ్ళీ నొక్కండి. డిస్క్‌కి చల్లారే సమయం దొరుకుతుంది. వానలో మొదటి నొక్కు తడి తుడవడానికే పోతుంది, కాబట్టి మలుపుకి ముందే ఒకసారి తాకించండి.

ఆడవాళ్ళకి ఒక మాట. మధ్యలో రాడ్డు కిందికి ఉండే ఫ్రేమే తీసుకోండి. వెనక బరువు కట్టి అప్‌లో ఆగినప్పుడు కాలు పైకెత్తి దిగాలంటే కష్టం. చైన్ కవరు, వెనక చక్రానికి చున్నీ పడకుండా జాలీ వేయించండి. చున్నీ అయితే నేను బ్యాగులో పెట్టేసి ఆఫీసుకెళ్ళి వేసుకుంటాను. "ఈ వయసులో సైకిలేంటే" అని మా అమ్మ ఇంకా అంటూనే ఉంది, దానికి మాత్రం ఏ షాపులోనూ సామాను దొరకదు.

బ్యాగు వీపున తగిలించుకుంటే ఆఫీసు చేరేసరికి వీపంతా చెమట. వెనక క్యారియర్ వేయించి, పక్కకి వేలాడే సంచి తగిలించండి. పూర్తి మడ్‌గార్డులు, ముందు గట్టి లైటు, వెనక ఎర్ర లైటు, హ్యాండిల్‌కి అద్దం, హెల్మెట్. గంట ఎవరికీ వినపడదు, చిన్న ఎలక్ట్రిక్ హారన్ పెట్టించండి. బీచ్ రోడ్డులో ఉప్పుగాలికి చైను చూస్తుండగానే తుప్పు పడుతుంది, వారానికోసారి తుడిచి ఆయిల్ వేయాలి. కడిగేటప్పుడు పైపుతో గట్టిగా నీళ్ళు కొట్టకండి, వైర్లు కలిసేచోట తడి దిగుతుంది.

టెస్ట్ రైడ్ షాపు ముందు చదును రోడ్డు మీద చేస్తే లాభం లేదు. మీ బ్యాగులో నిజంగా మోసే బరువు పెట్టి, బ్యాటరీ సగానికి దిగాక, మీ అర కిలోమీటరు మీదే ఎక్కించి చూడండి. 36 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు 42 వోల్టులిస్తుంది, తగ్గేకొద్దీ లాగుడూ తగ్గుతుంది. సాయంత్రం ఇంటికొచ్చేది ఆ తగ్గిన బ్యాటరీతోనే. ఒప్పుకోని షాపు అయితే ఇంకో షాపు చూసుకోవచ్చు. కొత్త బ్యాటరీ ధర ఎంతో, ఎన్నాళ్ళలో తెప్పిస్తారో కాగితం మీద రాయించుకోండి.

ఇక పంక్చర్. వెనక చక్రంలో మోటారు, దానికో వైరు ఉంటాయి కాబట్టి రోడ్డుపక్క పంక్చర్ కుర్రాడు చెయ్యి వేయడానికి జంకుతాడు. చక్రం విప్పనక్కర్లేదు. టైరు ఒక పక్క లేపి ట్యూబు బయటికి లాగి, అక్కడే ప్యాచ్ వేయమనండి. ట్యూబే మార్చాల్సి వస్తే ముందు వైరు కనెక్టర్ విప్పి, తర్వాత నట్లు. చాలా హబ్ మోటార్లకి 18 నంబరు స్పానర్ పడుతుంది, అది మాత్రం చిన్న సైకిల్ షాపుల్లో ఉండదు. ఒకటి కొని సంచిలో పడేసుకోండి.